కాస్పిర్: చక్రం ఊడినా మనిషి మిగలాలి

సైన్యంలో బండ్లు, యంత్రాలు బాగుచేసే ఈఎంఈ విభాగంలో వెహికల్ మెకానిక్‌గా పనిచేసి రిటైరయ్యాను. శక్తిమాన్ లారీ, స్టాలియన్, జిప్సీ, జనరేటర్లు, నీళ్ల ట్యాంకర్లు అన్నీ నా చేతుల మీదుగా వెళ్లినవే. వాటన్నిటిలో నాకు ఎక్కువ గౌరవం ఉన్నది మందుపాతరలను తట్టుకునేలా కట్టిన కవచ వాహనం కాస్పిర్ మీద. కశ్మీర్‌లో ఉగ్రవాదులతో పోరాడే సైన్య దళం రాష్ట్రీయ రైఫిల్స్‌తో ఉన్న రోజుల్లో దాని లోపల కూర్చుని తిరిగిన దానికన్నా దాని కింద వెల్లకిలా పడుకుని గడిపిన సమయమే ఎక్కువ. కాబట్టి ఈ బండి గురించి నాకు తెలిసినదంతా కింది నుంచి పైకి తెలిసినదే. పటాలం పేరు, మేమున్న చోటు రాయను. ఈ విషయానికి వాటి అవసరం లేదు.

ఇది షోరూముకు వెళ్లి కొనుక్కునే బండి కాదు. అయినా సమీక్ష రాయడానికి కారణం ఉంది. మా గిద్దలూరు వైపు ఊళ్ల నుంచి సైన్యంలోకి, సీఆర్‌పీఎఫ్‌లోకి వెళ్లే పిల్లలు ఎక్కువ. వాళ్లు రేపు ఎక్కబోయేది ఇలాంటి బండే. ఇంటి దగ్గర వాళ్ల అమ్మానాన్నల మాటలు విన్నాను. మందుపాతరలను తట్టుకునే బండి ఇచ్చారట, ఇంక దిగులు లేదు అనేవాళ్లున్నారు. ఆ బండిలో ఉన్నవాళ్లు కూడా చనిపోయారని పేపర్లో వచ్చింది, ఇంక అది దేనికి అనేవాళ్లూ ఉన్నారు. బండి ఏం చేయగలదో, ఎక్కడ ఆగిపోతుందో తెలిస్తే ఈ రెండు మాటలూ రావు.

కాస్పిర్ దక్షిణాఫ్రికాలో 1970ల చివర్లో రూపుదిద్దుకుంది. దానికి ముందు కథ పక్క దేశం రొడీషియాలో, అంటే ఇప్పటి జింబాబ్వేలో జరిగింది. అక్కడ మట్టి రోడ్ల కింద పాతిన మందుపాతరలకు లారీలు, జీపులు ఎగిరిపోతుంటే మొదట చేతికందిన ఉపాయాలు చేశారు. బండి అడుగున ఇసుక బస్తాలు పరిచారు. టైర్లలో నీళ్లు నింపారు. పేలినప్పుడు ఆ నీళ్లు కొంత వేడిని, కొంత బలాన్ని మింగేస్తాయి. ఆ తర్వాతే అడుగు భాగాన్ని ‘వి’ ఆకారంలో వంచి, మనుషులు కూర్చునే చోటును నేలకు దూరంగా పైకెత్తిన చిన్న బండ్లు వచ్చాయి. లెపర్డ్ అనే బండిని ఫోక్స్‌వ్యాగన్ వ్యాను భాగాలతోనే కట్టారు. దక్షిణాఫ్రికా పరిశోధన సంస్థ సీఎస్‌ఐఆర్‌లో వెర్నన్ జాయింట్, ఆయనతో పనిచేసినవాళ్లు ఆ ఆలోచనను పన్నెండు మంది జవాన్లు పట్టే పెద్ద బండికి తెచ్చారు. అదే కాస్పిర్. డ్రైవరు, కమాండరు ఆ పన్నెండు మందికి అదనం. మన సైన్యం కశ్మీర్ కోసం వీటిని దక్షిణాఫ్రికా నుంచే తెప్పించుకుంది.

మామూలు లారీకి కింద చాసిస్ ఉంటుంది. రెండు పొడవాటి ఉక్కు దూలాలు, వాటి మీద ఇంజను, క్యాబిన్, వెనక బాడీ. కాస్పిర్‌కు అలాంటి చాసిస్ లేదు. కవచమే చాసిస్. ఉక్కు రేకులను ‘వి’ ఆకారంలో వెల్డింగ్ చేసి పెట్టెలా కట్టారు. యాక్సిల్స్, స్ప్రింగులు నేరుగా ఆ పెట్టెకే బిగించి ఉంటాయి. పెంకుటింటి కప్పును తిరగేసి పెట్టినట్టు ఉంటుంది కింద నుంచి చూస్తే. పేలుడు వాయువుకు ఎదురుగా చదునైన అడుగు దొరికితే తన బలమంతా దాన్ని పైకి నెట్టడానికే వాడుతుంది. వాలు దొరికితే చాలా భాగం రెండు పక్కలకు జారిపోతుంది. దీనికి తోడు ఎత్తు. పేలుడు చోటు నుంచి దూరం పెరిగేకొద్దీ దాని బలం చాలా త్వరగా పడిపోతుంది. నేలకూ పొట్టకూ మధ్య ఒక్కో అంగుళం లోపలున్న మనిషి వెన్నుపూసకు ఎంత విలువైనదో ఈ బండి గీసినవాళ్లకు బాగా తెలుసు.

ఎంత మందును తట్టుకుంటుందనే దానికి లెక్క ఉంది. చక్రం కింద 21 కిలోల టీఎన్‌టీ అనే పేలుడు మందు, పొట్ట కింద 14 కిలోలు. ఒక ట్యాంకు నిరోధక మందుపాతరలో సుమారు 7 కిలోల మందు ఉంటుంది కాబట్టి, చక్రం కింద మూడు, పొట్ట కింద రెండు ఒకేసారి పేలినా లోపలివాళ్లు బతకాలని దీన్ని కట్టారు. ఈ రెండు అంకెలకు తేడా ఎందుకో తెలుసుకుంటే బండి సగం అర్థమైనట్టే. చక్రం కింద పేలితే ముందు దెబ్బ తినేది టైరు, రిమ్ము, యాక్సిల్. అవి చిరిగి, వంగి, ఊడి ఎగిరిపోతూ కొంత బలాన్ని తమతో తీసుకుపోతాయి. పైగా పేలిన చోటు పొట్టకు పక్కగా ఉంటుంది. బానెట్ ముందుకు పొడుచుకొచ్చి ఉండటం వల్ల ముందు చక్రం డ్రైవరుకు కాస్త ముందుగానే ఉంటుంది. తొక్కింది ముందు చక్రమే అయితే దెబ్బ డ్రైవరు కాళ్ల కిందికి సూటిగా రాదు. పొట్ట కింద పేలినప్పుడు ఈ మధ్యవర్తులెవరూ ఉండరు. అందుకే 14.

ఇప్పటి కవచ వాహనాలను నాటో ప్రమాణం స్టానాగ్ 4569 ప్రకారం కొలుస్తారు. అందులో నాలుగో స్థాయి అంటే 10 కిలోల పేలుడు పదార్థం. చక్రం కింద అయితే 4ఎ, పొట్ట కింద అయితే 4బి. నలభై ఏళ్ల కిందటి నమూనా తన అంకెలతో ఈ మెట్టు దాటి ఉండటం చూస్తే దాన్ని గీసినవాళ్ల మీద గౌరవం కలుగుతుంది.

మెకానిక్‌గా నాకు బాగా నచ్చింది ఇంకొకటి. ఈ బండిలో ఊడిపోవాల్సినవి ఊడిపోయేలా, మిగలాల్సింది మిగిలేలా కట్టారు. మూల నమూనాలో ఉన్నది మెర్సిడెస్ బెంజ్ ఓఎం 352 డీజిల్ ఇంజను: ఆరు సిలిండర్లు, 5.7 లీటర్లు, టర్బో. లారీలకు వాడే ఇంజనే. తక్కిన యంత్ర భాగాల్లో కూడా వీలైనన్ని వాణిజ్య లారీల రకమే పెట్టారు. ఇది ఖర్చు తగ్గించుకోవడానికి మాత్రమే చేసింది కాదు. పేలుడులో యాక్సిల్ పోతే పెట్టె కింద ఇంకో యాక్సిల్ బిగించి, పైపులు కలిపి, బండిని మళ్లీ రోడ్డెక్కించవచ్చు. అడవిలో బండి పాడైతే పట్టణం నుంచి ఎవరో వచ్చేదాకా కూర్చోకూడదని ఆలోచించినవాళ్లు కట్టిన బండి. ఇదే పెట్టె మీద సామాన్ల బండి, డీజిల్ ట్యాంకర్, పాడైన బండ్లను లాగే బండి కూడా చేశారు. బ్లెస్‌బాక్, డైకర్, జెమ్స్‌బాక్ అని ఆఫ్రికా జింకల పేర్లు పెట్టారు వాటికి. ఒక దళంలో తిరిగే బండ్లన్నిటికీ నట్లు, ఫిల్టర్లు, బెల్టులు ఒకటే అయితే మెకానిక్‌కు ఎంత సుఖమో వర్క్‌షాపులో పనిచేసినవాళ్లకు తెలుస్తుంది.

ఇక లోపలికి వద్దాం. అసలు సమీక్ష ఇక్కడుంది.

వెనక రెండు తలుపులు. లోపల రెండు వైపులా వరుసగా సీట్లు, ప్రతి సీటుకూ బెల్టు, మందపాటి గాజు కిటికీలు, వాటి కింద తుపాకీ గొట్టం బయటికి పెట్టడానికి రంధ్రాలు. కొత్తగా వచ్చిన కుర్రాడు ఎక్కగానే చూసేది గాజు మందం, రేకు మందం. గోడను అరచేత్తో కొట్టి చూసి తృప్తి పడతాడు. నేను చూసేది బెల్టు బకిల్‌ను, సీటును గోడకు బిగించిన బోల్టులను. ఎందుకంటే ఈ బండి కింద పేలుడు జరిగినప్పుడు ఉక్కు పెట్టె చిల్లు పడకుండానే లోపలివాళ్లు చనిపోవచ్చు. పదకొండు టన్నుల బండి ఒక్కసారిగా పైకి లేస్తుంది. నేల మీద ఆనించిన పాదాలకు దెబ్బ కింది నుంచి వస్తుంది. మడమలు, చీలమండలు విరుగుతాయి. పిరుదుల కింద నుంచి వచ్చిన దెబ్బ నడుము దగ్గర వెన్నుపూసలను నలిపేస్తుంది. బెల్టు లేనివాడు పైకి లేచి తలతో కప్పును కొడతాడు. అదే క్షణంలో బండి పక్కకు ఒరిగితే ఒకరి మీద ఒకరు పడతారు. ఇనుప టోపీలు, తుపాకులు, మనిషి బరువులు అన్నీ కలిసి దొర్లుతాయి.

మా దగ్గర ఒక సుబేదారు సాబ్ ఉండేవారు. అందరూ బెల్టు పెట్టుకుని గట్టిగా ఒక్కొక్కరూ తమ వంతు చెప్పేదాకా ఇంజను స్టార్టు చేయనిచ్చేవారు కాదు. దిగేటప్పుడు ఆలస్యమవుతుందని కుర్రాళ్లు గొణిగేవారు. దాడి జరిగితే బెల్టు విప్పుకుని దిగడానికి పట్టే ఆ కాస్త సమయమే ప్రాణం తీస్తుందని వాళ్ల భయం. ఆ భయంలో నిజం లేకపోలేదు. దానికి ఆయన చేసిన పని, ఖాళీగా ఉన్న మధ్యాహ్నాల్లో బండిని మైదానంలో నిలబెట్టి, బెల్టు విప్పి దిగడం మళ్లీ మళ్లీ చేయించడం. కళ్లు మూసుకుని కూడా బకిల్ ఎక్కడుందో చేతికి తెలిసేదాకా వదిలేవారు కాదు. ఏ తయారీదారూ ఇవ్వలేని భద్రత అది.

లోపల కట్టకుండా వదిలేసిన వస్తువుల సంగతి కూడా అంతే ముఖ్యం. తూటాల పెట్టె, నీళ్ల క్యాను, జాకీ, టీ కాచుకునే స్టవ్వు, టూల్ బాక్సు. మామూలు రోజున ఇవి సామాన్లు. పేలుడు రోజున ఒక్కోటీ ఒక్కో గుండు. జాకీని గొలుసుతో కట్టి తాళం వేసేవాణ్ని. టూల్ బాక్సుకు గోడ మీద కొక్కేలు వెల్డింగ్ చేయించాను. గోడకు వేలాడదీసిన దేవుడి పటం గాజుది అయితే తీయించి కాగితపు పటం అతికించేవాళ్లం. పంజాబీ కుర్రాడైనా, మద్రాసు కుర్రాడైనా దీనికి అభ్యంతరం చెప్పలేదు.

నడపడం ఎలా ఉంటుందంటే, ఓపిక కావాలి. రోడ్డు మీద గంటకు 90 కిలోమీటర్లు వెళ్లగలదని కాగితం మీద ఉంటుంది. కశ్మీర్ పల్లె దారుల్లో ఆ అంకె గుర్తుకే రాదు. పొట్టను నేలకు దూరంగా ఎత్తి పెట్టారు కాబట్టి బరువంతా పైన ఉంది. బండి ఎత్తు దాదాపు 2.85 మీటర్లు. మలుపులో జీపు తిప్పినట్టు తిప్పితే ఒరిగిపోతుంది. మందుపాతర నుంచి కాపాడే ఎత్తే మలుపులో ప్రమాదం తెస్తుంది. ఈ రెండిట్లో ఒకటి వదులుకోకుండా ఇంకోటి దొరకదు. అందుకని దీనికి డ్రైవరును ఎంచుకునేటప్పుడు ధైర్యవంతుణ్ని కాకుండా నెమ్మదస్తుణ్ని ఎంచుకోవాలి. సందుల్లో వాల్‌నట్ చెట్ల కొమ్మలు, కిందికి వేలాడే కరెంటు తీగలు అడ్డం వస్తాయి. చిన్న కల్వర్టు కనిపిస్తే దిగి చూసుకుని గాని ఎక్కించకూడదు. డ్రైవరుకు పక్కలు, వెనక సరిగ్గా కనపడవు. వెనక్కి తీసేటప్పుడు కింద ఒక మనిషి నిలబడి చేతులతో దారి చూపాల్సిందే.

చలికాలం మెకానిక్‌కు పరీక్ష. గాలి బ్రేకుల ట్యాంకులో చేరిన తేమను ప్రతి సాయంత్రం బయటికి వదలకపోతే తెల్లారేసరికి పైపుల్లో మంచు గడ్డ కడుతుంది. బ్యాటరీలు నీరసిస్తాయి. డీజిల్ చిక్కబడుతుంది. వేసవిలో అంతా తలకిందులు: ఉక్కు పెట్టె వేడెక్కి లోపలున్నవాళ్లకు ఊపిరాడదు. బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్టు, ఇనుప టోపీ, పక్కవాడి భుజం, డీజిల్ వాసన. గంట ప్రయాణం చేసి దిగినవాడు వెంటనే చురుగ్గా కాల్పులు జరపాలంటే కష్టం. ఈ విషయంలో పాత కాస్పిర్‌కు తక్కువ మార్కులే వేస్తాను. ఏసీ అనేది విలాసం అనుకునే అధికారులు ఒక జూన్ మధ్యాహ్నం వెనక సీట్లో కూర్చుని చూడాలి.

గాజు గురించి రెండు మాటలు. బుల్లెట్‌ప్రూఫ్ గాజు అంటే ఒకే గాజు కాదు, గాజు పొరలు, వాటి మధ్య ప్లాస్టిక్ పొరలు. ఎండ, చలి మారి మారి తగిలితే పొరలు విడిపోయి లోపల పాలు పోసినట్టు తెల్లని మచ్చలు, బుడగలు వస్తాయి. అంచుల నుంచి పసుపు రంగు పాకుతుంది. తూటాను ఆపే శక్తి సంగతి తర్వాత, ముందు డ్రైవరుకు దారి కనపడదు. కొత్త గాజు బరువైనది, ఖరీదైనది, రావడానికి ఆలస్యమయ్యేది. ఇలాంటి బండ్లకు బడ్జెట్ వేసేటప్పుడు గాజులను టైర్లలాగే అరిగిపోయే సరుకుగా లెక్క వేయాలి.

తుపాకీ తూటాలను కాస్పిర్ పక్కలు ఆపుతాయి. అయితే కింద పేలే మందుపాతర వేరు, రోడ్డు పక్కన పెట్టి పేల్చేది వేరు. 2003 అక్టోబరు 1న తిరుపతి అలిపిరి దగ్గర అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు కాన్వాయ్ మీద పేల్చినవి క్లేమోర్ మందుపాతరలు. ఆయన బుల్లెట్‌ప్రూఫ్ కారులో ఉండి గాయాలతో బయటపడ్డారు. క్లేమోర్‌లో మందుకు ముందు ఇనుప ముక్కలు పేర్చి ఉంటాయి; అవి ఒక దిక్కుగా విసురుగా వస్తాయి. దానికి ‘వి’ ఆకారపు పొట్ట చేసేదేమీ లేదు, పక్క గోడే కాపాడాలి. ఎవరైనా ఒక బండి మందుపాతరను తట్టుకుంటుందని చెబితే, ఎక్కడ పేలిన దాన్ని, ఎన్ని కిలోల దాన్ని అని అడగాలి. ఆ రెండూ చెప్పలేని మాటకు విలువ లేదు.

మా మేనల్లుడు సీఆర్‌పీఎఫ్‌లో చేరి ఛత్తీస్‌గఢ్‌కు పోస్టింగ్ వచ్చినప్పుడు ఫోను చేశాడు.

“మామయ్యా, అక్కడ ఇలాంటి బండి ఉంటుందట. ఎక్కడం మంచిదా, నడిచి వెళ్లడం మంచిదా?”

“రోడ్డును ముందు నడిచి చూసినవాళ్లు ఉన్నారా లేదా, అది చెప్పరా ముందు,” అన్నాను.

“ఉంటే?”

“ఉంటే ఎక్కు, బెల్టు పెట్టుకో. లేకపోతే మీ పెద్దలు నడిపించినట్టు నడువు. ఎక్కడం నీ ఇష్టమైనప్పుడు మాత్రం వెతకని రోడ్డు మీద ఎక్కకు.”

ఈ సలహా నా సొంత తెలివి కాదు. ఆ ప్రాంతంలో రక్తం చిందించి నేర్చుకున్నది. 2012 జనవరి 21న జార్ఖండ్‌లోని గఢ్వా జిల్లాలో మావోయిస్టులు మందుపాతర నిరోధక వాహనాన్ని పేల్చినప్పుడు 13 మంది పోలీసులు చనిపోయారు. అప్పట్లో సీఆర్‌పీఎఫ్ అధిపతిగా ఉన్న కె. విజయ్‌కుమార్ ఇలాంటి బండ్లను చక్రాల మీది శవపేటికలు అన్నారు. జవాన్లు వాటిని నమ్ముకోకుండా నడకను, మోటారు సైకిళ్లను ఎంచుకోవడం పెరిగింది. ఆరేళ్ల తర్వాత, 2018 మార్చి 13న సుక్మా జిల్లా కిష్టారం దగ్గర ఇలాంటి వాహనమే పేలి 212వ బెటాలియన్‌కు చెందిన 9 మంది సీఆర్‌పీఎఫ్ జవాన్లు చనిపోయారు. కిష్టారం మన తెలంగాణ సరిహద్దుకు దూరమేమీ కాదు.

విజయ్‌కుమార్ గారు తన జవాన్లను పోగొట్టుకున్న బాధతో అన్న మాట అది. ఆ బాధకు నమస్కరిస్తాను. బండి మీద ఆ తీర్పును మాత్రం ఒప్పుకోలేను. 14 కిలోలకో 10 కిలోలకో కట్టిన బండిని దానికి ఎన్నో రెట్లు మందు పాతిన తారు రోడ్డు మీదికి పంపితే ఏ ఉక్కూ ఆగదు. పాతేవాడికి మందు పెంచడం తేలిక. కట్టేవాడికి ఉక్కు పెంచడం తేలిక కాదు. ప్రతి అదనపు టన్నుకూ ఇంజను, యాక్సిల్, టైరు, వంతెన అన్నీ లెక్కలోకి వస్తాయి. అందుకే ఇలాంటి బండికి ముందు కాలినడకన రోడ్డు వెతికే దళం ఉండాలి, రోజూ ఒకే వేళకు ఒకే దారిలో పోకూడదు. ఈ రెండూ మానేసి బండినే కాపలాగా పెట్టుకున్న చోట దాన్ని నిందించడం న్యాయం కాదు. బండి లేకపోతే ఏమవుతుందో కూడా మనం చూశాం. 2025 జనవరి 6న బీజాపూర్ జిల్లా కుట్రు ప్రాంతంలో మామూలు బండిలో వస్తున్న ఛత్తీస్‌గఢ్ పోలీసుల డీఆర్‌జీ దళానికి చెందిన 8 మంది జవాన్లు, డ్రైవరు ఒక్క పేలుడుతో చనిపోయారు.

కశ్మీర్‌లో 2019 ఈ తేడాను ఇంకా స్పష్టంగా చూపింది. ఫిబ్రవరి 14న పుల్వామా జిల్లా లెత్‌పొరా దగ్గర కారు బాంబు సీఆర్‌పీఎఫ్ బస్సును ఢీకొని 40 మంది జవాన్లు చనిపోయారు. అదే జిల్లాలో జూన్ 17న అరిహల్ దగ్గర 44 రాష్ట్రీయ రైఫిల్స్ గస్తీ మీద పేలుడు దాడి జరిగింది. వాళ్లు ఉన్నది కాస్పిర్‌లో. చాలామంది గాయపడ్డారు, వాళ్లలో ఇద్దరు ఆస్పత్రిలో ప్రాణాలు విడిచారు. మందు పరిమాణం రెండు చోట్లా ఒకటి కాదు, కాబట్టి అంకెలను పక్కపక్కన పెట్టి తూచడం సరికాదు. కానీ ఆ గస్తీ జవాన్లు రేకుల బాడీ లారీలో ఉంటే ఎంతమంది ఇంటికి తిరిగి వచ్చేవారో ఊహించడానికి మెకానిక్‌ కానక్కరలేదు.

కాస్పిర్ నుంచి నేర్చుకున్న పాఠంతో మన దేశంలోనూ ఇలాంటి బండ్లు కట్టారు. సంగారెడ్డి దగ్గర ఎద్దుమైలారంలో ఉన్న మెదక్ ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ అందులో ముఖ్యమైనది. శరత్ అని మనం పిలుచుకునే బీఎంపీ-2 పదాతి వాహనాలతో పాటు మందుపాతర నిరోధక వాహనాలనూ అక్కడే తయారుచేశారు. 2021 అక్టోబరు నుంచి ఆ ఫ్యాక్టరీ ఆర్మర్డ్ వెహికల్స్ నిగమ్ అనే ప్రభుత్వ సంస్థ కింద ఉంది. మన తెలుగు నేల మీద వెల్డింగ్ చేసిన ఉక్కు పెట్టెల్లో మన పిల్లలు తిరుగుతున్నారు అన్నది నాకు చిన్న విషయం కాదు. సికింద్రాబాద్ ఈఎంఈ సెంటర్‌లో వెల్డింగ్ నేర్చుకున్న రోజుల్లో మా ఉస్తాద్ ఒక మాట పదే పదే చెప్పేవారు: వెల్డింగ్ అతుకు మీద ఒక ప్రాణం కూర్చుంటుందని అనుకుని రాడ్ పట్టుకోవాలి అని. ఈ బండ్లకు ఆ మాట అక్షరాలా వర్తిస్తుంది. ‘వి’ కలిసే చోట అతుకు బలహీనమైతే పెట్టె అక్కడే విచ్చుకుంటుంది.

కొత్త తరం బండ్లలో కల్యాణి ఎం4 పేరు ఎక్కువగా వినిపిస్తోంది. 2021 ఫిబ్రవరిలో వీటి కోసం భారత్ ఫోర్జ్ కంపెనీకి సైన్యం 177.95 కోట్ల రూపాయల ఆర్డరు ఇచ్చింది. దక్షిణాఫ్రికా పారామౌంట్ సంస్థ ఎంబోంబే 4 నమూనా దీనికి మూలం. కాస్పిర్‌లా నిక్కచ్చి ‘వి’ కాకుండా అడుగును దాదాపు చదునుగా ఉంచి, పొరలతో, లోపలి సీట్ల ఏర్పాటుతో పేలుడును తట్టుకునేలా చేశారు. దానివల్ల ఎత్తు తగ్గుతుంది, మలుపులో ఒరిగే భయం తగ్గుతుంది. పక్కన 50 కిలోల మందు పేలినా తట్టుకుంటుందని తయారీదారులు చెబుతారు. దాని కింద నేను పడుకోలేదు కాబట్టి తీర్పు చెప్పను. చూసే అవకాశం వస్తే మొదట అడిగేది, ముందు యాక్సిల్ ఊడితే ఎంతమంది మెకానిక్‌లు, ఎన్ని గంటల్లో మారుస్తారు అని. లద్దాఖ్ లాంటి మారుమూల చోట ఆ ప్రశ్నకు వచ్చే జవాబే బండి విలువ.

ఇంకొక సంగతి చెప్పకుండా ఈ బండిని పొగడటం నాకు మనసొప్పదు. కాస్పిర్‌ను కట్టించింది వర్ణవివక్ష ప్రభుత్వం. నమీబియా యుద్ధంలో వాడారు. 1980ల్లో సోవెటో లాంటి నల్లవాళ్ల బస్తీల్లోకి పోలీసులు దీన్నే తీసుకొచ్చారు. అక్కడ పెరిగిన ఒక తరానికి ఈ ముక్కు పొడవైన బండి కనపడితే ఇళ్లలోకి పరుగెత్తడమే గుర్తు. జోహానెస్‌బర్గ్‌లో పుట్టిన కళాకారుడు రాల్ఫ్ జిమన్ ఒక కాస్పిర్‌ను తెచ్చి, దాని ఒంటినిండా రంగురంగుల గాజు పూసల అల్లిక తొడిగించాడు. దాని ఫొటో చూసినప్పుడు నేను చాలాసేపు చూస్తూ ఉండిపోయాను. కశ్మీర్ పల్లెలో కూడా మా బండి సందు మలుపు తిరిగితే పిల్లలు ఆట ఆపేసి గోడకు అంటుకుని నిలబడేవారు. లోపల కూర్చున్నవాడికి రక్షణగా కనిపించేది బయట నిలబడ్డవాడికి అలా కనిపించదు. అందుకే జనం ఉన్న సందుల్లో నెమ్మదిగా పోవాలి, హారన్ ఊరికే కొట్టకూడదు, ఎవరి గోడ తగిలినా ఆగి మాట్లాడాలి అని డ్రైవర్లకు చెప్పేవాణ్ని.

కాబట్టి నా తీర్పు ఇది. వెతికిన దారిలో, నెమ్మదస్తుడైన డ్రైవరుతో, బెల్టులు పెట్టుకున్న మనుషులతో వెళ్లడానికి కాస్పిర్‌ను మించిన పాత బండి నేను చూడలేదు. ఎక్కువమందిని కుక్కి త్వరగా చేర్చడానికి, వెతకని తారు రోడ్డు మీద ధైర్యం కోసం దాన్ని వాడితే అది ఎవరినీ కాపాడదు. కొత్తవి కొనేవాళ్లకు నా విన్నపం ఒకటే. బండి ధరతో పాటు పదేళ్లకు సరిపడా సీటు బెల్టులు, గాజులు, యాక్సిల్ భాగాల ధర కూడా అదే కాగితం మీద రాయించుకోండి. ఏటా తనిఖీకి వచ్చే అధికారి బానెట్ ఎత్తి ఇంజను శుభ్రంగా ఉందా అని చూసి వెళ్లిపోకుండా, వెనక తలుపు తెరిపించి ప్రతి సీటు బోల్టునూ టార్క్ రెంచ్‌తో బిగించి చూడాలి. పన్నెండు సీట్లకు గంటకు మించి పట్టదు.